బందూఖుకూ ఒక హిసాబ్ ఉంటుంది

"నిమిషానికి ఆరు వందల గోలీలు!" మొయినాబాద్, చేవెళ్లల్లో చాయ్ హోటళ్ల ముందు కూర్చుంటే ఈ మాట తరచుగా చెవిన పడుతుంది. ఫోన్లో తుపాకుల ఆట ఆడే కుర్రాళ్లు అంటారు. పోలీస్ యాక్షన్ గురించి తమ అబ్బాజాన్ల నోట విన్నది చెప్పే బుజుర్గులూ అంటారు. మిలిటరీ వాళ్ల దగ్గర నిమిషానికి ఆరు వందల గోలీలు కాల్చే బందూఖులున్నాయి, మనవాళ్లేం చేస్తారు అని ఒకరి నిట్టూర్పు. రజాకార్ల దగ్గర ఊరికో మిషన్ గన్ ఉండేది, నిమిషంలో ఊరు ఖాళీ అయ్యేది అని ఇంకొకరి జవాబు.

ఆరు వందలన్న సంఖ్య అబద్ధం కాదు. కానీ అది బందూఖు సంఖ్య, బందూఖు పట్టుకున్న మనిషి సంఖ్య కాదు. ఈ రెండింటికీ మధ్య ఫర్క్ తెలియకపోతే తారీఖ్ తప్పుగా అర్థమవుతుంది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. రెండింటికీ ఒకే మాట ఉండటం నాకు ఇష్టం. లెక్క తప్పితే చరిత్ర అఫ్సానా అయిపోతుందని ఆ మాటే చెబుతున్నట్టుంటుంది.

ముందు ఆ ఆరు వందల హకీకత్ చూద్దాం. ఏకే-47 రైఫిల్‌ను ఆటోమేటిక్‌లో పెట్టి ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే సెకనుకు సుమారు పది తూటాలు పోతాయి. పదిని అరవైతో గుణిస్తే ఆరు వందలు. లోపలి యంత్రం వెనక్కీ ముందుకీ కొట్టుకునే వేగం అది. కానీ మ్యాగజీన్‌లో ఉండేవి ముప్ఫై తూటాలే. అంటే మూడు సెకన్లలో బందూఖు ఖామోష్. ఖాళీ మ్యాగజీన్ తీసి, ఇంకోటి పెట్టి, బోల్టు లాగడానికి చేయి తిరిగిన సిపాయికి కూడా మూడు నుంచి ఐదు సెకన్లు పడుతుంది. నిజంగా నిమిషంలో ఆరు వందలు కాల్చాలంటే ఇరవై మ్యాగజీన్లు కావాలి, వాటిని మార్చడానికి ఒక్క సెకను కూడా పట్టకూడదు. నిండు మ్యాగజీన్ ఒక్కోటి ముప్పావు కిలోకు పైనే తూగుతుంది. ఇరవై కలిపితే పదిహేను కిలోలు దాటుతుంది. అన్ని మోసుకుంటూ జంగ్‌లో పరుగెత్తే సిపాయి ఎక్కడా ఉండడు. మామూలుగా అతని ఒంటి మీద ఉండేవి నాలుగో ఐదో మ్యాగజీన్లు. ట్రిగ్గర్ మీద వేలు తీయకపోతే నిమిషం పూర్తికాకముందే అతను ఖాళీ చేతుల మనిషి.

అందుకే ఫౌజుల కితాబుల్లో రెండు సంఖ్యలు విడివిడిగా రాస్తారు. ఒకటి యంత్రపు వేగం. రెండోది గురి చూసి, మ్యాగజీన్ మార్చుకుంటూ మనిషి నిజంగా కాల్చగలిగే వేగం. ఏకే-47కు రెండో సంఖ్య ఒక్కో గోలీగా కాలిస్తే నిమిషానికి 40, ఆటోమేటిక్‌లో చిన్న చిన్న విడతలుగా కాలిస్తే 100. ఆరు వందలెక్కడ, నలభై ఎక్కడ!

మూడో సంఖ్య కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. తూటా వెళ్లిన ప్రతిసారీ నాళి వేడెక్కుతుంది. అమెరికా ఎం-16 రైఫిల్ యంత్రపు వేగం నిమిషానికి ఏడు వందలు దాటుతుంది. కానీ చాలాసేపు ఆగకుండా కాల్చాల్సి వస్తే నిమిషానికి 12 నుంచి 15 దాటొద్దని ఆ ఫౌజు హుకుం. దాటితే నాళి కాలిపోయే వేడికి చేరుతుంది. ట్రిగ్గర్ నొక్కకుండానే లోపలి తూటా వేడికి పేలే ఖతరా ఉంటుంది.

ఇక గురి సంగతి. ఆటోమేటిక్‌లో మొదటి తూటా చూసిన చోటికి పోతుంది. ఆ దెబ్బకు నాళి పైకి లేస్తుంది. రెండోది మనిషి తల మీదుగా, మూడోది ఆకాశంలోకి. మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్‌లో ఒక నొక్కుకు మూడే తూటాలు పోయేలా కట్టడి పెట్టింది ఇందుకే. అంతకుముందు దశాబ్దాల పాటు వాడిన ఎస్.ఎల్.ఆర్. రైఫిల్‌కు ఆటోమేటిక్ మీటే లేదు. అది సెమీ ఆటోమేటిక్. ఒక నొక్కు, ఒక గోలీ. తర్వాతి గోలీ తనంతట తానే ఎక్కి కూర్చుంటుంది కానీ పేలాలంటే వేలు మళ్లీ కదలాలి. మ్యాగజీన్‌లో ఇరవై తూటాలు. గురి చూసి కాలిస్తే నిమిషానికి ఇరవై, తొందరపడితే నలభై. ఆటోమేటిక్ చేతికిచ్చినా తెలిసిన సిపాయి ఎక్కువగా వాడేది ఒక్కో గోలీ పద్ధతే.

కాలేజీలో ఉన్నప్పుడు ఎన్.సి.సి. క్యాంపులో నేను పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదు గోలీలు కాల్చాను. బోల్టు తిప్పడం, ఊపిరి బిగబట్టడం, గురి చూడటం, నొక్కడం. ఆ ఐదింటికే నాకు రెండు నిమిషాలకు పైగా పట్టింది. అవతలి నుంచి నా మీదికి ఎవరూ కాల్చడం లేదు. భయం లేదు, పొగ లేదు, చీకటి లేదు. నిజమైన జంగ్‌లో ఇవన్నీ ఉంటాయి.

ఇప్పుడు ఈ హిసాబ్ పట్టుకుని మన రియాసత్ తారీఖ్‌లోకి వెళ్దాం.

హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ అని ఇప్పుడు పిలుస్తున్న చోటు అసలు పేరు తోప్ కా సాంచా. ఫిరంగులు పోత పోసే అచ్చు అని అర్థం. నిజాం అలీఖాన్ కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమాండ్ కట్టించాడు. మూసా రామ్ అని జనం ప్రేమగా పిలుచుకున్నది ఆయన్నే. మూసారాంబాగ్ పేరులో ఇప్పటికీ ఉన్నాడు. 1798లో ఆయన చనిపోయాక అదే ఏడాది అంగ్రేజులు ఆయన ఫౌజును రద్దు చేయించారు. ఆ ఫౌజు చేతిలో ఉన్నది నోటి నుంచి బారూదు కూరే మస్కెట్టు. కాగితపు పొట్లం పళ్లతో చించాలి, బారూదు పోయాలి, గోలీ వేయాలి, గజంతో దట్టించాలి, ఎత్తి కాల్చాలి. బాగా కవాతు చేసిన సిపాయికి నిమిషానికి మూడు, మామూలు వాడికి రెండు. తోడేదార్ బందూఖు, అంటే వత్తి అంటించి పేల్చేది అయితే నిమిషానికి ఒకటి కూడా కష్టం. వంద గజాలు దాటితే గురి అల్లా దయ.

1857 జూలై 17, జుమ్మా రోజు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో సుమారు ఐదు వందల మంది రోహిల్లాలు కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లారు. సాలార్‌జంగ్ అప్పటికే రెసిడెంట్ డేవిడ్సన్‌కు ఖబర్ పంపాడు. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. రోహిల్లాలు పుత్లీబౌలి వైపు రెండు ఇళ్లలో చేరి తెల్లవారుజాము దాకా కాల్పులు సాగించారు. తర్వాత వెనక్కి తగ్గక తప్పలేదు. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఐదు వందల మంది ఉండి కూడా ఓడిపోయారా అంటారు. హిసాబ్ వేయండి. ఒకసారి కాల్చిన తర్వాత మళ్లీ నింపుకోవడానికి సగం నిమిషం. ఆ సగం నిమిషంలో అతని చేతిలో ఉన్నది ఇనుప గొట్టం మాత్రమే. ఎదురుగా ఫిరంగి ఒక్క పేలుడుకు పదుల కొద్దీ గుండ్లు చిమ్ముతోంది. ఇళ్ల గోడల చాటు నుంచి రాత్రంతా నిలబడటమే వాళ్ల హిమ్మత్‌కు సుబూత్. 1859లో జైలు నుంచి తప్పించుకున్న తుర్రెబాజ్ ఖాన్‌ను తూప్రాన్ అడవిలో కాల్చి చంపారు. లెక్క తెలిసిన వాడికి ఆయన మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

నోటి నుంచి నింపే ఈ బందూఖే మన పల్లెల్లో భర్మార్‌గా మిగిలింది. భర్ నా, మార్ నా. నింపు, కొట్టు. పేరులోనే దాని వేగం ఉంది. షికారుకు వెళ్లేవాళ్ల దగ్గర, దొరల గడీల్లో, తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల దగ్గర, రజాకార్ల దగ్గర కూడా ఇదే.

ఫౌజుల చేతికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి త్రీ నాట్ త్రీ వచ్చింది. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్, పది తూటాల మ్యాగజీన్. ప్రతి గోలీకీ చేత్తో బోల్టు తిప్పి లాగి తోయాలి. అంగ్రేజ్ ఫౌజులో మంచి సిపాయి నిమిషంలో మూడు వందల గజాల దూరంలోని గురికి 15 తూటాలు కాల్చాలి. చేయగలిగిన వాళ్లు అంతకు మించి కూడా కాల్చారు.

ఈ రైఫిల్‌తో జరిగిన ఒక ఖూనీకి పక్కా లెక్క రికార్డులో ఉంది. అది మన రియాసత్‌లో కాదు, అమృత్‌సర్‌లో. కానీ ఈ విషయం మీద అంత స్పష్టంగా మాట్లాడే సుబూత్ ఇంకోటి లేదు. 1919 ఏప్రిల్ 13, జలియన్‌వాలా బాగ్. డయర్ వెంట రైఫిళ్లు ఉన్న సిపాయిలు యాభై మంది. కాల్పులు సాగింది సుమారు పది నిమిషాలు. పేలిన తూటాలు 1,650. ఇప్పుడు భాగించండి. మనిషికి 33. నిమిషానికి మూడు చిల్లర. అంటే సుమారు ఇరవై సెకన్లకు ఒక గోలీ!

ఆ సంఖ్య మొదటిసారి కట్టినప్పుడు నా చేయి ఆగిపోయింది. నిమిషానికి 15 కాల్చగల రైఫిల్‌ను అందులో నాలుగో వంతు వేగంతో కూడా వాడలేదు. నూట ఇరవై ఏళ్ల క్రితం రేమాండ్ సిపాయి మస్కెట్టుతో కాల్చగలిగిన వేగమే అది. సర్కారీ లెక్కలోనే 379 మంది మరణించారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. అంటే ఆ సిపాయిలు హడావుడిలో కాల్చలేదు. గురి చూసి, ఆగి, జనం ఎక్కువగా ఉన్న వైపు తిప్పి, హుకుం ప్రకారం కాల్చారు. బయటికి పోవడానికి దారి లేదు కాబట్టి వేగంతో పనిలేకపోయింది. డయర్ మిషన్ గన్లున్న బండ్లు కూడా తెచ్చాడు. సందు ఇరుకై లోపలికి రాలేదు. వచ్చి ఉంటే బహుశా వాడేవాడినేనని హంటర్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు కూడా. కానీ అవి లేకుండానే జరగాల్సినంత జరిగింది.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మన దేశంలో జనం మీద జరిగిన అతి పెద్ద కాల్పుల్లో ఒకటి చాలా నెమ్మదిగా జరిగింది. చంపేది బందూఖు వేగం కాదు, ఎదుటివాళ్ల బేబసీ. పారిపోలేని వాడి ముందు భర్మార్ కూడా మిషన్ గన్నే.

ఈ మాటతో ఇప్పుడు 1948కి వద్దాం. మా చేవెళ్ల, మొయినాబాద్ ఇలాకా అప్పుడు హైదరాబాద్ నగరాన్ని చుట్టుకుని ఉన్న అత్రాఫ్-ఎ-బల్దాలో భాగం. నగరం నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు పోయే సడక్ నిజాం కాలం నాటిదే. దాని రెండు పక్కలా మర్రిచెట్లు చాలా ఇంకా నిలబడి ఉన్నాయి. ఆ చెట్ల నీడలో చెప్పుకునే కథల్లో రజాకార్లూ వస్తారు, మిలిటరీ కూడా వస్తుంది.

భారత ఫౌజు సెప్టెంబర్ 13న షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా లోపలికి వచ్చింది. జనరల్ జె.ఎన్. చౌధురీ దగ్గర ట్యాంకులు, ఫిరంగులు, విమానాలు. సిపాయిల చేతిలో త్రీ నాట్ త్రీ, బ్రెన్ గన్, స్టెన్ గన్. బ్రెన్ గన్ యంత్రపు వేగం నిమిషానికి 500. ముప్ఫై తూటాల మ్యాగజీన్ పైనుంచి పెడతారు, ఇద్దరు మనుషులు కలిసి నడుపుతారు. గట్టిగా కాల్చినా నిమిషానికి నాలుగు మ్యాగజీన్లు, అంటే 120. మామూలుగా అయితే ఒకటే మ్యాగజీన్. వేడెక్కిన నాళి మార్చుకోవడానికి ఇంకో నాళి వెంట మోసుకెళ్లాలి. స్టెన్ గన్ 32 తూటాలు నాలుగు సెకన్లలోపు ఉమ్మేస్తుంది. అంతే, తర్వాత ఖాళీ. దూరం నుంచి అది పనికిరాదు.

అవతలి వైపు నిజాం ఫౌజు ఇరవై వేల పైచిలుకు. రజాకార్లు రెండు లక్షలని అప్పటి భారత ఫౌజు అంచనా. వాళ్లలో నాలుగో వంతు మందికే కొత్తరకం చిన్న ఆయుధాలు, మిగతావాళ్లకు భర్మార్లు, తల్వార్లు అని అదే అంచనా చెబుతుంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో బీదర్‌కు, వరంగల్‌కు ఆయుధాలు దించిన మాట నిజం. కానీ విమానంలో వచ్చిన బందూఖుకు తూటాలు కూడా విమానంలోనే రావాలి. ఆటోమేటిక్ బందూఖు అంటే ఆకలి ఎక్కువున్న జంతువు. మేత పెట్టలేని వాడికి అది భారమే. ఐదు రోజుల్లో జంగ్ ఖతం. 17న నిజాం ఐలాన్, 18న జనరల్ ఇద్రూస్ లొంగుబాటు. ఊరికో మిషన్ గన్ అన్న మాట ఈ ఐదు రోజుల ముందు నిలబడదు. వాళ్ల ఆరు వందల గోలీల వల్లే ఓడాం అన్నదీ నిలబడదు. ఓడింది ట్యాంకుల ముందు, తూటాల సరఫరా ముందు, ఎవరూ తోడు రాని సియాసత్ ముందు.

అయితే భర్మార్లే కదా, వాళ్లేం చేసి ఉంటారు అని రజాకార్లకు మాఫీ ఇవ్వడానికి ఈ లెక్కను వాడితే నేను ఒప్పుకోను. ట్యాంకు ముందు పనికిరాని భర్మార్ నిరాయుధుడైన రైతు ఇంటి ముందు పూర్తిగా పనికొస్తుంది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి జనం బురుజు ఎక్కి భర్మార్లతో, వడిసెలలతో ఎదుర్కొన్నారు. రజాకార్లు నిజాం బలగాలతో కలిసి పెద్ద ఆయుధాలతో వచ్చి బురుజును లొంగదీశారు. తర్వాత జనాన్ని వరుసగా నిలబెట్టి కాల్చారు. వరుసగా నిలబెట్టాక నిమిషానికి ఎన్ని అన్న సవాలే లేదు.

ఆ జులుం ఒక వైపు. పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముసల్మాన్ల మీద జరిగింది ఇంకో వైపు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది నవంబర్, డిసెంబర్ నెలల్లో తిరిగి రాసిన నివేదికలో మృతులు 27 వేల నుంచి 40 వేల దాకా అన్నారు. ఆ అంకె ఐదు రోజుల జంగ్‌లో చనిపోయిన వాళ్ల సంఖ్యకు ఎన్నో రెట్లు. ఎక్కువ ప్రాణాలు పోయింది ఫౌజుల మధ్య కాల్పులు ఆగిన తర్వాతే. మిషన్ గన్‌కు భయపడాల్సిన రోజులు అయిపోయాక, పక్క ఊరివాడికి భయపడాల్సిన రోజుల్లో. రెండు వైపుల కథల్లోనూ ఆరు వందల గోలీలు ఒక పరదాలా పనిచేస్తాయి. యంత్రమే చంపిందంటే మనుషుల పేర్లు అడగాల్సిన అవసరం ఉండదు కదా.

తర్వాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 1962లో చైనా సరిహద్దులో మన జవాన్లు త్రీ నాట్ త్రీ బోల్టు తిప్పుతుంటే అవతలి వాళ్ల దగ్గర సెమీ ఆటోమేటిక్‌లు, ఆటోమేటిక్‌లు ఉన్నాయి. ఆ దెబ్బ తర్వాతే ఇషాపూర్ కార్ఖానా నుంచి ఎస్.ఎల్.ఆర్.లు ఫౌజు చేతికి వచ్చాయి. పాత త్రీ నాట్ త్రీలు పోలీసు ఠాణాల్లో దశాబ్దాలు బతికాయి. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్ దళాన్ని నిలబెట్టాక ఏకే-47 మన పోలీసుల చేతుల్లో మామూలు దృశ్యమైంది. మా సడక్ మొదలయ్యే చోటు పేరే అప్పా జంక్షన్. పోలీస్ అకాడమీ వల్ల వచ్చిన పేరు. ఇప్పుడు ఆ అకాడమీకి నిజాం కాలపు కొత్వాల్ రాజా బహదూర్ వెంకట్రామిరెడ్డి పేరుంది. మా బంధువుల్లో ఒక చాచా సాయుధ పోలీసులో చేసి రిటైరయ్యారు. కాల్చడం కన్నా కాల్చిన తర్వాత లెక్క చెప్పడం కష్టమని ఆయన అంటుంటారు. ఆయుధాల గదిని వాళ్లు కోత్ అంటారు. కోత్ నుంచి ఎన్ని రౌండ్లు తీసుకెళ్లారు, ఎన్ని తిరిగి జమ చేశారు, ఖాళీ ఖోకాలు ఎన్ని దొరికాయి, అన్నీ రాయాల్సిందే.

ఆ రిజిస్టర్ ఒక మామూలు కాగితం కాదు. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో బాంబు పేలిన తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. దాని మీద జస్టిస్ భాస్కరరావు కమిషన్ వేశారు. ఇలాంటి ఏ సంఘటనలోనైనా జనం బందూఖు రకం అడుగుతారు, ఏకే-47 ఉందా, ఆటోమేటిక్ వాడారా అని. నా దృష్టిలో అడగాల్సిన సవాళ్లు వేరే మూడు. ఎన్ని తూటాలు? ఎంతమంది కాల్చారు? ఎన్ని నిమిషాలు?

మొదటి సంఖ్యను మిగతా రెండింటితో భాగిస్తే కాల్చినవాళ్ల మనసు కొంత బయటపడుతుంది. కొన్ని సెకన్లలో బోలెడు తూటాలు పోయి ఉంటే అది భయమో, పిచ్చి కోపమో కావచ్చు. నిమిషాల తరబడి ఆగి ఆగి కాల్చి ఉంటే మధ్యలో ఆపడానికి టైమ్ దొరికిందని అర్థం. జలియన్‌వాలా బాగ్‌లో ఒక్కో సిపాయి కాల్చిన ప్రతి రెండు గోలీల మధ్యా సుమారు ఇరవై సెకన్లున్నాయి. ఆ ఇరవై సెకన్లలో ఆపండి అని ఒక్క హుకుం ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఆత్మరక్షణ కోసం కాల్చామని ఎవరు చెప్పినా, శత్రువు చేతిలో భయంకరమైన ఆయుధాలున్నాయని ఎవరు చెప్పినా, ఈ భాగహారం ముందు ఆ మాట నిలబడాలి. నిలబడితే సరే, నమ్ముదాం. నిలబడకపోతే ఇన్సాఫ్ ఎక్కడ తప్పిపోయిందో వెతకాల్సిన చోటు అదే.

మన పిల్లలు ఫోన్లో మ్యాగజీన్ ఎప్పటికీ ఖాళీ కాని బందూఖులతో ఆడుతున్నారు. ఆడనివ్వండి. కానీ ఎప్పుడైనా నిమిషానికి ఆరు వందలు అంటే పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం ఇవ్వండి. ముప్ఫై తూటాలు ఎన్ని సెకన్లకు వస్తాయో లెక్క కట్టమనండి. తర్వాత 1,650ని యాభైతో, మళ్లీ పదితో భాగించమనండి. మూడు చిల్లర వచ్చాక ఆ సంఖ్య ఎక్కడిదో చెప్పండి.